పిల్లిని దాటినవాడికి ఆటోలో చోటు లేదు

ఆ రోజుల్లో శంషాబాద్‌లో విమానాలు కొత్తగా దిగుతున్నాయి గానీ, మాకు అసలు విమానం ఆటోయే! బస్సు తనకు తోచినప్పుడు వచ్చేది; ఆటో మనం చెయ్యెత్తితే ఆగేది. అంతకుముందు ముగ్గురు కూర్చునే ఆటో ఎక్కడమంటే పెళ్లికో దవాఖానకో పోయేవాళ్ల వైభోగం. సెవెన్ సీటర్లు వచ్చాక అది అందరి సొత్తయింది (పేరుకే ఏడుగురు, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు సగం తుంటితో వేలాడేవారు). సహపంక్తి భోజనాల కోసం మా హేతువాద సంఘంవాళ్లు సభలు పెట్టి గొంతులు చించుకుంటుంటే, ఆటో ఒక్క ఉపన్యాసమైనా లేకుండా అన్ని కులాల మోకాళ్లనూ ఒకదానికొకటి ఆనించేసింది! అందుకే నాకు దానిమీద మహా గౌరవం. దాని ముందు వేలాడే నిమ్మకాయ, మిరపకాయల మీద మాత్రం లేదు.

అత్తాపూర్‌లో ఒక చర్చా సభ. విషయం: శకునాలు నిజమా, అబద్ధమా? అబద్ధమని వాదించేది నేను. నిజమని వాదించేది మా మేనమామ. జీవితంలో నా మొదటి వేదిక! సమయానికి చేరకపోతే మామ గెలిచినట్టే. మీసాలన్న నడిపే సెవెన్ సీటర్ ఆటోలో, జామకాయల గంప ఒళ్లో పెట్టుకున్న ఒక అక్క పక్కన ఇరుక్కుని, ఉపన్యాసం గొణుక్కుంటూ బయలుదేరాను. బుద్వేల్ దాటగానే ఒక పిల్లి రోడ్డుకు అడ్డంగా నడిచిపోయింది. మీసాలన్న బ్రేకు తొక్కాడు.

"ఏందన్నా, ఆపినవ్?"

"ఎవడన్న ముందుగాల దాటనీ. జర ఆగు."

ఆగడమా! శకునాల మీద యుద్ధానికి పోతున్న నేనా! ఒక్క దూకు దూకి, రొమ్ము విరుచుకుని పిల్లి నడిచిన గీతను దాటి, "చూడండి! నాకేమైంది?" అని వెనక్కి తిరిగాను. ఆటోలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. లోకం ఒక్క క్షణంలో మారిపోయిందనుకున్నాను. ఆటో కదిలి నా దగ్గరకొచ్చింది. ఎక్కబోయాను. మీసాలన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఎక్కొద్దు తమ్మీ! దోషం నువ్వు తీసుకున్నవ్. మళ్ల ఎక్కితే మా అందరి మీదికొస్తది."

"ఇదెక్కడి శాస్త్రమన్నా!"

"పరేషాన్ గాకు బిడ్డా," అంది జామకాయల అక్క, "గిన్ని నీళ్లు తాగి జరసేపు కూసుంటే పోతది. గప్పుడు ఎక్కుదువు."

తాగను! దాహంతో చచ్చినా ఆ నీళ్లు తాగను! పరుగందుకున్నాను. ఆటో నన్ను దాటిపోయేది. ఎవరో చెయ్యెత్తితే ఆగేది. అప్పుడు నేను దాన్ని దాటేవాణ్ణి. దాటినప్పుడల్లా లోపలినుంచి అక్క గొంతు: "తాగినవా?" "తాగలే!" "గట్లనే ఉరుకు మరి!" పైగా ఒక జామకాయ విసిరింది. పట్టుకుని కొరుక్కుంటూ పరుగెత్తాను (పండుకు దోషం అంటదు కాబోలు).

హాల్లో అడుగుపెట్టేసరికి మామ మైకు ముందు మీసం దువ్వుతున్నాడు. "ఆలస్యమైందేమిరా అల్లుడూ? పిల్లి ఎదురొచ్చిందా?" అన్నాడు ఎగతాళికి. "వచ్చింది!" అన్నాను రొప్పుతూ. హాలంతా గొల్లుమంది. మామ చేతులు జోడించి, సభ ముగిసినట్టే నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లి తన దారిన తాను పోయింది మామా! నన్ను ఆపింది పిల్లి కాదు, పిల్లికి జడిసిన మనుషులు!" చప్పట్లే చప్పట్లు! అందరికన్నా గట్టిగా వెనకనుంచి ఈల. చూస్తే, దారిలో ఎక్కడన్నా పడిపోయానేమోనని వెతుక్కుంటూ వచ్చిన మీసాలన్న! "గీ పిలగాడు మా ఆటోలోడే! మస్తు చెప్పిండు!" అని పక్కవాళ్లకు చూపిస్తున్నాడు. నేను తిట్టింది తననేనని ఆయనకు తట్టనే లేదు.

మొన్న అదే దారిలో, ఫోన్లో పిలిచిన ఆటోలో పోతున్నాను. బుద్వేల్ దగ్గర పిల్లి అడ్డం వచ్చింది. కుర్ర డ్రైవర్ వేగం కూడా తగ్గించలేదు. నా ఆనందం పట్టలేక, "శభాష్! పిల్లిని లెక్కచేయలేదే!" అన్నాను.

"ఏ పిల్లి సార్?" అన్నాడు, కళ్లు ఫోన్ మీదనే ఉంచి. "మ్యాపుల రాలే."

ఇన్నేళ్లు గొంతు చించుకుని నేను కోరిన విజయం ఇదేనా! ఒక్కసారి ఆపి ఉంటే ఎంత బాగుండేది. దిగి, రొమ్ము విరుచుకుని దాటేవాణ్ణి. (తర్వాత నీళ్లు మాత్రం తాగేవాణ్ణేమో. శకునానికి కాదు, ఆయాసానికి.)