రాతి లోపలి బొమ్మ

బేతంచెర్ల గనుల్లో జయపాల్ కోసిన నాపరాయి ఊళ్లో ఇళ్లకు నేలైంది. దాని దుమ్ము అతని రొమ్ములోకి దిగింది. మూతికి గుడ్డ కట్టుకోమనడమే యజమాని చూపిన దయ. ఆస్పత్రిలో టీబీ మందులిచ్చి పంపారు; దగ్గు మాత్రం పోలేదు.

2007లో కూతురు నిస్సీ కర్నూలు కాలేజీలో ఒక సాఫ్ట్‌వేర్ రాస్తోంది. రాయిని తిప్పుతూ తీసిన వందల ఎక్స్‌రేలను అది కలిపి, పగలగొట్టకుండానే లోపలి పగుళ్లు చూపిస్తుంది. చూడ్డానికి వెళ్లిన జయపాల్ తెరకు కళ్లప్పగించాడు.

"నా రొమ్ము గూడా ఇట్లే చూడమ్మా. లోపల ఏముండాదో తేలిపోతాది."

"ఇది రాళ్లకే నాయనా. గంటల కొద్దీ కదలకుండా ఉండాల. ఊపిరి పీల్చినా బొమ్మ చెదిరిపోతాది."

దగ్గు తెర ఆగాక జయపాల్ కూతురి తల నిమిరాడు.

"అట్లనా. అయితే ఇంకొన్నాళ్లు ఆగు, నేను కదలకుండా పండుకున్నాక చూద్దువులే."