చప్పుడు కాని ఆట

మొన్న అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత క్యారమ్ బోర్డు కనబడింది. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమమప్పటి కర్ఫ్యూ గుర్తుందా మీకు? గుంటూరు నుంచి వచ్చి నాంపల్లిలో అద్దెకుండేవాళ్లం. ఆంధ్రావాళ్లమని తెలిసి ఎవరైనా మీదికొస్తారేమోనని నాన్న కిటికీలన్నీ మూసేశారు. క్యారమ్ ఆడితే బయటికి వినబడుతుందని అమ్మ వద్దంది. గవ్వలు కూడా గలగలమంటాయని, దుప్పటి పరిచి చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడించింది. కాయ పండినా అరవకూడదు.

మూడోరోజు తలుపు దబదబా బాదారు. నేను తమ్ముడి నోరు మూశాను.

కింద వాటాలో ఉండే ఓనరమ్మ గొంతు! "ఏందమ్మా, పిల్లల సప్పుడే లేదు? నాకు గుండెల దడైతుంది. జర గట్టిగ ఆడుకోన్రి, గేటు కాడ నేను కూసుంట."

ఆ సాయంత్రం క్యారమ్ ఆడాం. స్ట్రైకర్ టక్కుమన్నప్పుడల్లా అమ్మ తలుపు వైపే చూసింది.