తెర మీద ఎర్ర తువ్వాలు

నెట్టికంటప్ప కూర్చోగా మొన్నటిదాకా నేనెప్పుడూ చూడలేదు. ఆయన కప్పగల్లు ఊరి లైన్‌మన్. టీ నిలబడే తాగుతాడు, ఇంటి నుంచి కట్టుకొచ్చిన బుత్తి నిలబడే తింటాడు. ఫోన్ మొదటి రింగుకే ఎత్తి, "యాడ పోయింది?" అంటాడు. కరెంటు పోతే తప్ప తనకెవరూ ఫోన్ చేయరని ఆయన నమ్మకం. ఆ మనిషిని చూస్తుంటే నాకే కాళ్లు పీకుతాయి.

నేను కృపానిధిని, బళ్లారి కంట్రోల్ రూములో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తాను. కొత్త ఏర్పాటు వచ్చాక లైన్ ఎక్కడ చెడిందో తెరే చెబుతుంది. ఆ ముక్కను విడదీసి, మిగతా ఊళ్లకు నిమిషంలో కరెంటు ఇచ్చేస్తుంది. ఇదంతా నెట్టికంటప్పకు మింగుడు పడలేదు. ముప్పై ఏళ్లుగా ఆయనది ఒకటే పద్ధతి: స్విచ్చి దించడం, పిడికి తన ఎర్ర తువ్వాలు కట్టడం, స్తంభం ఎక్కడం. తువ్వాలు ఉన్నంతసేపు ఆ స్విచ్చిని ఎవరూ ముట్టరు. నేను వెనకాల నవ్వుకునేవాణ్ణి.

మొన్న మే నెలలో మధ్యాహ్నం గాలివాన వచ్చి, కురుగోడు దారిలో లైన్ మీద కొమ్మ పడింది. మిషన్ ఆ ముక్కను విడదీసింది. పావుగంట తర్వాత, ఆ ముక్కకే కురుగోడు వైపు నుంచి కరెంటు ఇచ్చి చూడమంటావా అని తెర అడిగింది. బటన్ నొక్కితే చాలు. ఆలస్యమైతే పై అధికారి ఊరుకోడు. నొక్కేముందు నెట్టికంటప్పకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను.

మొదటి రింగుకే ఎత్తే మనిషి ఎత్తలేదంటే చేతులు ఖాళీగా లేవన్నమాట. బటన్ మీది వేలు వెనక్కి తీసుకున్నాను. అధికారి రెండుసార్లు తిట్టాడు. పడ్డాను.

అరగంటకు ఆయనే ఫోన్ చేసి, కొమ్మ తీసి ఇప్పుడే స్తంభం దిగానన్నాడు. చెప్పకుండా ఎందుకు ఎక్కావని అరిచాను.

"బళ్లారి పక్క స్విచ్చికి తువ్వాలు కట్టినా గదప్పా. ఇంగేంది?"

"ఇప్పుడు కురుగోడు పక్క నుంచి గూడా కరెంటు వస్తాదన్నా."

ఆయన ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం ఆఫీసుకు వచ్చి, మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. నా భయం ఇంకా తగ్గలేదు. కాసేపటికి లేచి, తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చూసేది ఈడ కదప్పా. నేను ఎక్కినప్పుడు దీన్ని ఈడ కట్టు."

ఇప్పుడు ఎక్కేముందు ఫోన్ చేస్తాడు. నేను లేచి తెరకు తువ్వాలు కడతాను. దిగానని ఆయన మళ్లీ చెప్పేదాకా నాకు కూర్చోబుద్ధి కాదు.