ఊడిన ఆరు దారాలు

ఏసురాజు మూడో తరగతితో బడి మానేశాడు. పద్నాలుగో ఏట నిడదవోలు రైసు మిల్లులో బస్తా ఎత్తినవాడు యాభై దాటేదాకా దించలేదు. నడుము పట్టేశాక ఇక ఎత్తలేక, స్టేషన్ రోడ్డులో నలుగురు మాస్టార్లు కలిసి నడిపే చిన్న కంప్యూటర్ సెంటర్‌లో చేరాడు. గది ఊడవడం, చుట్టుపక్కల ఊళ్ళ బడులకు సామాను చేర్చడం అతని పని.

అక్కడ రోజంతా ఉండేది వర్షిణి ఒక్కతే. కోనసీమ పిల్ల. పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె చేతిలో ఉంది. 'ముందుకు పది', 'కుడికి తిరుగు' అని తెలుగులో కొడితే తెరమీద బాతు ఒకటి గీత గీసుకుంటూ నడుస్తుంది. బళ్ళలో ఉన్న కంప్యూటర్లన్నీ లినక్స్ అనే సిస్టం మీదే నడుస్తాయి గానీ, అన్నిట్లో ఉన్నది ఒకే రకం లినక్స్ కాదు. ఏ రకానికి ఆ రకంగా ఆ బాతును ప్యాక్ చేసి పెన్‌డ్రైవ్‌లలో పంపడం వర్షిణి పని.

"అందరికీ ఒకటే పంపితే పోదాండి?" అన్నాడు ఏసురాజు మొదట్లో.

"పోదు బాబాయ్. లోపల బియ్యం ఒకటే, సంచులు వేరు. ఉబుంటు మిషన్లకి ఒక సంచి, డెబియన్ మిషన్లకి ఇంకో సంచి. సంచి మారిందా, మిషను తీసుకోదు."

"ఓస్, ఇంతేనా! మా మిల్లులో రకం తెలియడానికి సంచి మూతికి రంగు దారం కడతామండి. వీటికీ కట్టేద్దాం. ఒకదానికి ఎర్రది, ఒకదానికి ఆకుపచ్చది."

"మిమ్మల్ని ఇంజినీరుగా పెట్టుకోవాల్సింది బాబాయ్!" అని నవ్వింది వర్షిణి. ఆ మాట ఆ రోజు ఇంట్లో భార్య అచ్చాయమ్మకు మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి ఆమె, "ఇంజినీరుగారూ, ముందు ఆ నీళ్ళ బిందె లోపల పెట్టండి" అంది.

ఇరవై బళ్ళకు ఇరవై పెన్‌డ్రైవ్‌లు. దారాలు ఏసురాజే కట్టాడు. చేతికి అలవాటైన మిల్లు ముడే వేశాడు, ఒక కొస లాగితే ఊడొచ్చేది. వాటిని పంచడానికి వెళ్తూ తణుకులో బస్సు మారేటప్పుడు కవరులో చెయ్యి పెడితే దారాలన్నీ చిక్కుపడి ఉన్నాయి. ఒక్క లాగు లాగాడు. ఆరు దారాలు చేతిలోకి వచ్చేశాయి. మూడు ఎర్రవి, మూడు ఆకుపచ్చవి.

మిల్లులో బస్తాకు దారం రాలిపోతే ఎవరూ గుమాస్తాను పిలవరు. పిలిస్తే తిట్లు. ఏ రంగు ఎన్ని తగ్గాయో చూసి, అంచనాగా కట్టేస్తారు. లెక్క కుదిరితే చాలు. ఏసురాజు బస్టాండు బల్లమీద కూర్చుని అదే చేశాడు. లెక్క కుదిరింది. బస్సెక్కాడు.

నాలుగో రోజు పెనుగొండ దగ్గర బడి హెడ్మాస్టరు పార్థసారథి ఫోన్ చేశారు. వర్షిణి స్పీకర్ పెట్టింది.

"ఏంటమ్మా ఇది? కావలసిందేదో లేదంటోంది మిషను. పది మిషన్లలోనూ అదే గోల. అక్కడ చూసుకోకుండా పంపేస్తే ఎలాగమ్మా? పిల్లలంతా నా మొహం చూస్తూ కూచున్నారు."

"నేనే ఏదో కలపడం మర్చిపోయుంటాను సార్. చూస్తాను."

చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఏసురాజుకు అప్పుడే అర్థమైంది. సంచి మారింది. చెప్పాలని నోరు తెరిచాడు. ఇంజినీరుగా పెట్టుకోవాల్సింది అన్న మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

ఆ రేపు తొమ్మిది రోజులైంది. మిగతా బళ్ళవాళ్ళు ఇంకా పెట్టి చూడనే లేదు. వర్షిణి అదే ప్యాకేజీని విప్పింది, మళ్ళీ కట్టింది. ఇక్కడి మిషన్‌లో బాతు చక్కగా నడిచేది. "ఇక్కడ బానే ఉంది, అక్కడెందుకు రాదు?" అని తనలో తను గొణుక్కునేది. క్యారేజీలో అన్నం సగం అలాగే ఉండిపోయేది. ఆ గిన్నెలు ఏసురాజే కడిగేవాడు.

పదో రోజు మధ్యాహ్నం ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. "సోమవారం మాస్టార్ల మీటింగులో చెప్పేస్తాను బాబాయ్. ఈ పని ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని. నాకు చేతకాదు."

"మీ తప్పు కాదమ్మా."

"ఊరుకోండి బాబాయ్, మీకేం తెలుసు?"

"నాకే తెలుసండి. దారాలు ఊడిపోయాయి. ఆరు. ఏది ఏదో తెలియక అంచనాగా కట్టేశాను."

వర్షిణి కీబోర్డు పక్కకు నెట్టింది. "తొమ్మిది రోజులు, బాబాయ్. తెచ్చి అడిగుంటే మిషన్‌కి పెట్టి అర నిమిషంలో చెప్పేదాన్ని."

"నాలుగు తిట్లు తిట్టండమ్మా."

"తిడితే మీకు తేలికైపోతుంది," అని ఆమె తెర వైపు తిరిగింది. ఇటు తిరక్కుండానే, "రెండు రకాలూ కొత్తవి, అన్ని బళ్ళకూ సరిపడా చేసిస్తాను. రేపు పట్టుకెళ్ళండి" అంది.

మర్నాడు పొద్దున్నే పెనుగొండ బడిలో కొత్త పెన్‌డ్రైవ్ పెట్టారు. బాతు తెరమీదకు వచ్చింది. పిల్లలు బల్లలు వాయించారు. పార్థసారథిగారు ఏసురాజు భుజం తట్టి, "మొత్తానికి అమ్మాయి సరిచేసిందన్నమాట. సంతోషం" అన్నారు.

"ఆవిడ మొదటే సరిగ్గా చేశారండి. దారం మార్చి కట్టింది నేను."

"నువ్వా? సర్లే, పనైపోయింది కదా."

"అవ్వలేదండి. ఆ రోజు మీరు ఫోన్లో గట్టిగా అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఉండి కూడా మాట్లాడలేదు. తప్పు ఆవిడది కాదని ఆ ఫోన్లోనే చెప్పండి."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గట్టిగానే అన్నానా?" అంటూ నంబరు నొక్కారు. జరిగిందంతా చెప్పి, "నేనూ తొందరపడ్డానమ్మా" అన్నారు.

 అవతల వర్షిణి గొంతు వినబడింది: "బాబాయ్ అక్కడే ఉన్నారా సార్? ఆ ఆరూ ఏ బళ్ళకు పోయాయో తెలియదు, ఇంకా పంతొమ్మిది బళ్ళూ చూడాలి, బస్సు తప్పిపోతుందని చెప్పండి. సోమవారానికి ఏ బడిలో ఏ రకం పనిచేసిందో నాకు లిస్టు కావాలి, మీటింగులో చూపించాలి."

ఏసురాజు బాతును చూడ్డానికి ఆగలేదు. బస్టాపులో కూర్చుని కవరులోని పెన్‌డ్రైవ్‌లు ఒక్కొక్కటే తీసి, దారాలకు మిల్లు ముడి మీద ఇంకో ముడి, దానిమీద ఇంకోటి వేశాడు. కత్తెర పెడితే తప్ప ఊడదు. బస్సు వచ్చేసరికి అయిదు మిగిలాయి. అవి చేతిలోనే పట్టుకుని ఎక్కాడు.