వంటావార్పుకు బొద్దక్షరాలు

ఆ రోజుల్ల ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుండె. నాది బొద్దక్షరాల పిచ్చి. దిల్‌సుఖ్‌నగర్‌ల డీటీపీ షాపుల కొత్తగ చేరిన నేను, కంప్యూటర్ల ఉన్న వంద రకాల ఇంగ్లీషు అక్షరాల్ల ఒక్కదానికే మనసిచ్చిన. లావుగ, నల్లగ, మూలలన్ని గుండ్రంగ అరిగి, కింద మెత్తటి పాదాలతోని, కడుపునిండ తిని కూసున్నట్టు ఉంటుండె ప్రతి అక్షరం. బారసాల కార్డుకు అదే, మిఠాయి దుకాణం బోర్డుకు అదే. (ఒకసారి దశదినకర్మ కార్డు గూడ అందుల్నే కొట్టిన. పోయిన తాతనే నవ్వుకుంట భోజనానికి పిలుస్తున్నట్టుండె.) షాపు ఓనరు, గుంటూరు దిక్కు సారు, ఆ కార్డు చించి, "అమ్మాయ్, అక్షరానికీ ఓ స్వభావం ఉంటుంది. ఇది నవ్వే అక్షరం. ఏడుపుకీ కోపానికీ పనికిరాదమ్మా" అన్నడు. నేను తలైతే ఊపిన.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరు మీదున్నది. మా మేనమామ ఎల్‌బీ నగర్‌ల వంటావార్పు పెట్టిస్తుండె. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకొని, అక్కడనే తిని నిరసన చెప్పుడన్నట్టు. నల్లగొండ దిక్కు మా ఊర్ల నాయన "ఆడపిల్లకు పట్నంల నౌకరేంది" అంటే, "నా జిమ్మా, నేను చూసుకుంట" అని నన్ను ఇంట్ల పెట్టుకున్నది గీ మామనే. ఆయనకు కోపమొస్తే నేను ఊరికి బస్సెక్కుడే. ఫ్లెక్సీ పని మాకే ఇచ్చి, "ఢిల్లోల్లు గూడ చదవాలె, వంటావార్పు అని ఇంగ్లీషు అక్షరాల్ల పెద్దగ కొట్టుండ్రి. చూస్తే దడ పుట్టాలె" అన్నడు. సారు సూటి అక్షరాలు పెట్టి భోజనానికి పోయిండు. నాకవి కట్టెపుల్లల్లెక్క అనిపించినయ్. అవి తీసేసి, నా బొద్దక్షరాలు పెట్టి, ఎర్రరంగేసిన. ఎరుపైతే కోపమే గదా అనుకున్న. పక్కన అన్నం గుండిగ బొమ్మ గూడ పెట్టి, సారు రాకముందే ప్రింటుకు పంపిన.

తెల్లారి కిచిడీ ఉడుకుతుంటే, రోడ్డు మూసిండ్రని బస్సు దిగి హయత్‌నగర్ దిక్కెళ్ళి నడిచొస్తున్నోల్లు ఫ్లెక్సీ చూసి లైను కట్టిండ్రు. "ప్లేటెంత అన్నా?" అని ఒకాయన మా మామనే అడిగిండు. వెనకున్నామె, "కొత్తగా పెట్టారాండీ? పార్సిలు ఇస్తారా?" అన్నది. మామ మొఖం మాడిపోయింది. "గా ఆంధ్ర సారు కావాలనే మనల్ని నవ్వులపాలు జేసిండు. నడువుండ్రి షాపుకు" అని పదిమందిని లేపిండు.

నోరు మూసుకుంటే నేను పట్నంల ఉంట, సారు షాపు ఉండదు. "మామా, సారు మంచిగనే చేసిండు. ఆయన లేనప్పుడు మార్చింది నేనే" అన్న. మామ కిచిడీ గంటె నా చేతిల పెట్టి, "నువ్వు పిలిచిన సుట్టాలాయె, నువ్వే వడ్డించు" అన్నడు. రెక్కలు పడిపోయేదాక వడ్డించిన. తిన్నోల్లు మొహమాటానికో ఏమో, అక్కడనే కూసొని నినాదాలు గూడ ఇచ్చిండ్రు. అంత జనం మామ ఎన్నడు చూడలే. నన్ను ఊరికి పంపే ముచ్చటే తియ్యలే.

ఇప్పుడు నాకే ఒక షాపున్నది. కార్డుల నేను చేసిన తప్పు చూసి ఎవరన్న లొల్లి పెడితే, "సిస్టం ప్రాబ్లం సార్" అని తడుముకోకుంట చెప్త. చెప్పినంక గంటె పట్టుకున్న ఆ పిల్ల యాదికొస్తది. నవ్వొస్తది, జర సిగ్గు గూడ అయితది. దానికున్నదంత ఒక్క నౌకరే, అయినా నిజం చెప్పింది. నాకైతే ఇప్పుడు ఒక్క కస్టమర్ పోతడంటేనే నిజం చెప్పనీకి నోరు పెగల్తలేదు.