మస్తాన్‌రావు గారి అరకిలో బరువు

మస్తాన్‌రావు గారు పోయారు. గత నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం, ఐర్లండ్‌లోని క్లాండాల్కిన్‌లో తాను పనిచేసే పనిముట్ల అద్దె గోదాములో, కౌంటరు వెనక నిలబడినవారు నిలబడినట్టే కూలిపోయారు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం లేదు. వయసు యాభై తొమ్మిది.

ఆ వార్త నాకు ఫోనులో రాలేదు. మా కంపెనీ ఆ గోదాముకు రెండు వీధుల అవతల ఉంది. భోజన విరామంలో బయట నడుస్తుంటే, తల మీదికి హుడ్ లాక్కున్న మనిషి ఒకడు వానలో నా వైపు పరుగెత్తుకొచ్చాడు. అతను దగ్గరికి వచ్చేలోపే నా కుడిచెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. రెండడుగులు వెనక్కి వేశాను. అతను డెక్లన్. మస్తాన్‌రావు గారితో ఎనిమిదేళ్ళుగా అదే కౌంటరులో పనిచేస్తున్నవాడు. నా ముఖం చూసి దూరంగానే ఆగి, రెండు అరచేతులూ పైకెత్తి, "ప్రవీణ్, రావ్ పడిపోయాడు, నిన్ను పిలుచుకురమ్మన్నారు" అన్నాడు.

నా జేబులో ఉన్నది అరకిలో కందిపప్పు. దాన్ని అక్కడ పెట్టింది మస్తాన్‌రావు గారే.

ఇక్కడి తెలుగు సంఘం పత్రికకు ఆయన గురించి ఒక పేజీ రాయమని నన్ను అడిగారు. మూడేళ్ళుగా వాళ్ళింటి చిన్నగదిలో అద్దెకు ఉంటున్నాను కాబట్టి అడిగి ఉంటారు. ముందే ఒక మాట. సంతాప సభలో వక్తలు చెప్పినవి నేను కాగితం మీద రాసుకున్నాను. అందులో ముఖ్యమైనవి మూడు, మూడూ తప్పే. లేచి చెబుదామనుకుంటే టీ ఇచ్చేశారు.

మొదటిది, ఆయన పోలీసు అధికారిగా నేరస్థులను గడగడలాడించారన్నది. ఆయన అధికారి కాదు. మన దగ్గర ఒక జిల్లా సాయుధ పోలీసు విభాగంలో ఆర్మరర్‌గా పనిచేశారు. ఇరవై ఒక్క ఏళ్ళు తుపాకులు విప్పి, తుడిచి, బిగించి, కిటికీలోంచి ఇచ్చి, సాయంత్రం లెక్క చూసుకుని తీసుకున్నారు. మనిషి మీదికి ఒక్కసారి కూడా గురిపెట్టలేదు. భార్య సుగుణ గారికి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ముందుగానే పదవీ విరమణ తీసుకుని వెంట వచ్చారు. ఇక్కడా చేసింది అదే పని. తుపాకుల బదులు డ్రిల్లులు, ఇనుము కోసే గ్రైండర్లు.

రెండోది, తక్కువ మాట్లాడి ఎక్కువ వినేవారన్నది. ఆయనకు ఎడమ చెవి వినపడదు. ఎడమవైపు కూర్చున్నవాళ్ళకు చిరునవ్వుతో తల ఊపేవారు. ఆ చెవి ఎలా పోయిందో నాకు ఒకసారి చెప్పారు. సర్వీసులో మూడో ఏడు, ఒక కానిస్టేబుల్ రివాల్వరు తిరిగి ఇస్తూ "ఖాళీదే అన్నా" అన్నాడు. ఈయన చూడకుండా తీసుకున్నారు. తుడుస్తుంటే పేలింది. గుండు తలపక్కనుంచి పోయి గోడలో దిగింది. "ఆడు అబద్ధమాడలేదబ్బాయ్. ఖాళీ అనుకున్నాడు. తప్పు చూడని నాది" అన్నారు.

ఆనాటి నుంచి ఆయనకు ఒక పద్ధతి. ఇచ్చేవాడు సిలిండరు తెరిచి చూపించాలి. తీసుకునేవాడు కంటితో చూసి, ఒక్కొక్క గుండు గదిలో వేలు పెట్టి తడిమి, "ఖాళీ" అని తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే చేతులు మారాలి. "ఖాళీ అని చెప్పొద్దు, చూపించు" అనేది ఆయన ఊతపదం. ఈ పద్ధతిని ఆయన తుపాకుల దగ్గర వదిలిపెట్టలేదు. గ్రైండరు అద్దెకిస్తే కరెంటు నుంచి తీసేసిన ప్లగ్గు ఎత్తి చూపించి ఇచ్చేవారు. తీసుకునే ఐరిష్ మేస్త్రీలు కూడా ప్లగ్గు చూసి, సరేనన్నట్టు "గ్రాండ్, రావ్" అనాల్సిందే, లేకపోతే చెయ్యి వదిలేవారు కాదు. ఇంట్లో నేను పెనం ఇస్తే, "వేడిగా లేదని చెప్పావు, తాకి చూపించావా?" అనేవారు. ఆకలిమీద ఉన్నవాడికి ఇది ఎంత చిరాకో రాసి తెలియజేయలేను.

మూడోది, ఎవరికీ భయపడని మనిషి అన్నది. దీని దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. దీనికి జవాబుగా నా సంగతే చెప్పాలి.

పోయిన శరదృతువులో, సాయంత్రం ఆరు గంటలకు, లువాస్ ట్రాము దిగి ఇంటికి నడుస్తుంటే నలుగురు నన్ను కొట్టారు. కళ్ళజోడు విరిగింది, కనుబొమ పైన మూడు కుట్లు పడ్డాయి. ఏమీ దోచుకోలేదు. ఆ విషయమే నాకు ఇప్పటికీ అర్థం కాదు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి మర్యాదగా వాంగ్మూలం రాసుకున్నారు, కేసు నంబరు ఇచ్చారు. ఎవరూ దొరకలేదు. స్నేహితులు "జాగ్రత్తగా ఉండు" అన్నారు. జాగ్రత్త అంటే ఏ పనులు, ఏ వరుసలో చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు.

నేను నాణ్యత విభాగంలో ఇంజనీరును. భయం వేస్తే పట్టిక గీస్తాను. రెండు వారాల్లో పదకొండు తేలిక రివాల్వర్ల పట్టిక తయారుచేశాను. బరువు, గొట్టం పొడవు, ఎన్ని గుళ్ళు, ట్రిగ్గరు నొక్కడానికి ఎంత బలం, సుత్తి బయటికి ఉందా లోపలుందా, జేబులో ఎంత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, ఇలా మొత్తం తొమ్మిది గడులు. ఒక ఆదివారం ఉదయం దాన్ని వంటింటి బల్లమీద ఆయన ముందు పరిచాను.

"ఏందబ్బాయ్ ఇది, పెళ్ళిసంబంధాల లిస్టా?"

"రివాల్వర్లు అంకుల్. కోటు లోపల కనపడకుండ పెట్టుకునేవి."

"ఎవరికి?"

"నాకే."

"ఇక్కడ నీకు లైసెన్సు ఎవరిస్తారు?"

"ఇయ్యరు. ఆత్మరక్షణ అంటే అసలే ఇయ్యరు, చదివిన. జిమ్‌ల ఒకతను పరిచయమైండు. కావాలంటే తెప్పిస్తనన్నడు."

ఆయన లేచి, కుర్చీని బల్లకు ఇటువైపు తెచ్చుకుని, కుడిచెవి నాకు దగ్గరగా వచ్చేలా కూర్చున్నారు.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. దొరికితే ఉద్యోగం, వీసా, జైలు, అమ్మానాన్న అంటూ ఉపన్యాసం మొదలవుతుందనుకున్నాను. దానికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన పెన్సిలు తీసుకుని పట్టికలో పదకొండు వరుసలూ చదివారు.

"ఐదోది ఔన్సుల్లో రాశావ్, మిగతావి గ్రాముల్లో. ఇదేనా మీ నాణ్యత?"

కాగితం నా వైపు తిప్పుకుని చూశాను. నిజంగానే ఐదోది మార్చలేదు.

"నీకు నచ్చింది ఏది?"

"మొదటిది. పట్టికల దీనికన్న తేలికది లేదు."

"తేలికైందని సంబరపడ్డావా? ఆ తగ్గిన బరువు యాడికి పోద్దనుకున్నావ్? పేల్చినప్పుడు నీ మణికట్టు మీద పడుద్ది. ఐదు పేలుస్తావ్, ఆరోదానికి చెయ్యి జంకుద్ది. ఇంక అభ్యాసం చెయ్యవు. అభ్యాసం లేనోడి తుపాకి ఎదుటోడి చేతిలోదే."

"అయితే బరువైన ఉక్కుది తీసుకోవాల్నా?"

"ఉక్కుది పది రోజులు మోస్తావ్. జేబు సాగుద్ది, నడుం లాగుద్ది, తర్వాత బీరువాలో పెడతావ్. మోసేది జేబు, పేల్చేది చెయ్యి. రెండిటికీ ఒకే బరువు నచ్చదు."

"మరి ఏది అంకుల్?"

ఆయన అల్మరా తెరిచి కందిపప్పు డబ్బా దించారు. తూకం మీద అరకిలో కొలిచి, కవరులో పోసి, నల్లటేపు గట్టిగా చుట్టి నా చేతిలో పెట్టారు.

"ఇది తుపాకి. నింపి ఉంది. రేపు సోమవారం నుంచి పద్నాలుగు రోజులు కుడిజేబులో ఉండాల. ఆఫీసుకి, బస్సుకి, కూరగాయలకి. చెయ్యి ఎన్నిసార్లు దాని మీదకి పోయిందో, ఎవర్ని చూసి పోయిందో రాయి. రాయటం నీకు బాగా వచ్చిన పనే గదా. పద్నాలుగో రోజు నాకు చూపించు. ఏది కొనాలో నేనే చెప్తా."

"నిజంగ చెప్తరా?"

"పేరు, బోరు, బరువు, అన్నీ చెప్తా. అందాకా ఆ జిమ్ముకి పోమాక. అంతే."

"మీరైతే ఏది పెట్టుకునేటోళ్ళు?"

"నేనా? ఇరవై ఒక్కేళ్ళు నా చుట్టూ రెండొందల తుపాకులు. ఒక్కరోజు కూడా భయం లేకుండా ఇంటికి పోలా" అని తూకాన్ని తుడిచి లోపల పెట్టారు.

భయపడని మనిషి అన్న వక్తకు నా జవాబు ఈ వాక్యం.

మొదటిరోజు నా చెయ్యి పదకొండుసార్లు జేబులోకి వెళ్ళింది. ఉందో లేదో చూసుకోవడానికే. మూడోరోజు లువాస్‌లో ఇద్దరు స్కూలు పిల్లలు నవ్వారు; వాళ్ళు నవ్వింది వాళ్ళ ఫోను చూసి. నాలుగోరోజు వెనకనుంచి వచ్చింది కుక్కతో ఒక ముసలమ్మ. నన్ను దాటుతూ వాన గురించి ఏదో అంది, నేను జవాబు చెప్పలేదు. ఆరోరోజు సుగుణ ఆంటీ సామాను సంచులు అందిస్తే ఒక్క ఎడమచేత్తో అందుకోబోయాను. టమాటాలు మెట్లమీద దొర్లాయి.

"ఆ కుడిచేతికి ఏమైంది బాబూ?" అన్నారామె.

మస్తాన్‌రావు గారు వంగి టమాటాలు ఏరారు.

ఎనిమిదోరోజు నాకు విసుగు పుట్టింది. "రెండు చేతులతోని చేసే పని ఒక్కటి కూడ అయితలేదు అంకుల్. నాకు సంగతి సమజైంది. ఇప్పుడన్న చెప్పుండ్రి."

"రాశావా?"

"రాసిన."

"ఇయ్యాల ఎన్నో రోజు?"

"ఎనిమిది."

"ఇంకా ఆరు" అని టీవీ వైపు తిరిగారు, ఎడమచెవి నాకు పెట్టి. ఇంత మొండి మనిషిని నేను ఎరగను. ఆయనతో నేను మాట్లాడిన చివరి మాటలు ఇవే. ఆ రాత్రి విసురుగా పైకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

తొమ్మిదోరోజు మంగళవారం. ఆనాటి పుటలో ఒక్క వరుసే ఉంది: "డెక్లన్. పరుగెత్తుకొచ్చాడు. సాయం కోసం." అతను నన్ను చూసి చేతులు పైకెత్తడంలో, నేను అతన్ని గుర్తుపట్టడంలో పోయినవి పది సెకన్లు ఉంటాయి. ఆ పది సెకన్లతో ఏ తేడా వచ్చేది కాదని సుగుణ ఆంటీ అన్నారు. ఆమె నర్సు, తెలిసే అన్నారు. కానీ నా జేబులో పప్పు కాక, ఆ జిమ్ మనిషి తెచ్చేది ఉండి ఉంటే? పట్టికలోని తొమ్మిది గడుల్లోనూ డెక్లన్‌కు చోటు లేదు. నాలుగు రోజులు ఎంత వెతికినా ఏ గడి కలపాలో నాకు తోచలేదు. మస్తాన్‌రావు గారికి తెలుసు. పద్నాలుగో రోజు చెబుతానన్నారు. ఈ విషయంలో నాకు ఆయనమీద కోపం ఇంకా తగ్గలేదు.

ఆంటీకి అంతా చెప్పేశాను, జిమ్ మనిషి సంగతితో సహా. ఆమె పప్పు డబ్బా వైపు చూశారు. "పప్పు తగ్గిందేంటని అడిగితే, ప్రవీణ్‌కి అవసరం పడిందిలే అన్నారు. ఇదా అవసరం" అన్నారు. ఆ నంబరు ఆమె ఎదుటే ఫోనులోంచి తీసేశాను. తీసేశానని చెప్పలేదు, తెర తిప్పి చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

పద్నాలుగో రోజు ఆదివారం. ఆ రోజు సాయంత్రం ఆయన్ని అంత్యక్రియల గృహంలో కడసారి చూడటానికి ఉంచారు. మెయ్‌నూత్‌ యూనివర్సిటీలో చదువుకునే మన విద్యార్థులు, ఆంటీతో పనిచేసే నర్సులు, గోదాముకు వచ్చే మేస్త్రీలు వరుసలో నిలబడ్డారు. డెక్లన్ గుమ్మం దగ్గర కనిపించి, దగ్గరికి రావాలా వద్దా అన్నట్టు ఆగాడు. నేనే వెళ్ళి కుడిచెయ్యి ఇచ్చాను. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఎనిమిదేళ్ళలో మా కౌంటరులో ఒక్కడి వేలు కూడా తెగలేదు, ఎప్పుడైనా గమనించావా?" అన్నాడు. నేను గమనించలేదు. సభలో ఎవరూ గమనించలేదు. ఆయన గురించి చెప్పవలసిన మాట అదొక్కటే. అది చెప్పడానికి ఒక ఐరిష్‌వాడు కావలసి వచ్చింది.

నా వంతు వచ్చింది. పద్నాలుగు రోజుల కాగితాలు ఆయన పక్కన పెట్టాను. పప్పు పొట్లం తీసి ఎడమచేతిలోకి మార్చుకున్నాను. కోటు కుడిజేబును లోపలినుంచి బయటికి పూర్తిగా తిరగదీసి, ఆయనకు కుడిచెవి వైపు నిలబడి, చూపించాను.

ఇచ్చేవాడు చూపించాడు. కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, "ఖాళీ" అని తిరిగి చెప్పవలసిన మనిషి చెప్పలేదు. వెనక వరుస ఆగిపోయింది. ఎవరో మెల్లగా భుజం తట్టేదాకా ఆ జేబు అలాగే పట్టుకుని నిలబడ్డాను.