రోడ్డు దాటని మూడో తరగతి

సోమవారం పొద్దున్నే మా కాలనీ చర్చి మైకులో పాస్టరుగారి గొంతు వినబడింది. మన కమిటీ అక్క రాత్రి ప్రభువునందు నిద్రించారని, సాయంత్రం సమాధి కార్యక్రమమని చెప్పారు. నేను అప్పుడే పంక్చర్ షాపు తీస్తున్నాను. ఈ కబురు ఎవరైనా నోటితో చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. ఇన్నేళ్ళుగా నేను సరదాకి ఆడిన అబద్ధాలకు కాలనీవాళ్ళు పగ తీర్చుకుంటున్నారనుకునేవాణ్ణి. మైకు చెప్పింది కాబట్టి నమ్మి, ఎత్తిన షట్టరు మళ్ళీ దించేశాను.

అక్క ఆసుపత్రిలో ఆయాగా చేసేది. మా ప్రాథమిక పాఠశాలలో తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్‌గా కూడా ఉండేది. ఆ పదవి నా వల్లే వచ్చింది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు చిన్నదైందని రోజూ తగువు పెట్టుకుంటుంది కదా, కాస్త ఆట పట్టిద్దామని ఎన్నిక రోజున ఆవిడ పేరు అరిచాను. చూస్తే అందరూ చేతులెత్తేశారు. ఆ తర్వాత మీటింగుల్లో చిన్నపిల్లల బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేది.

"ఏ తరగతి అక్కా నువ్వు?" అన్నానొకసారి.

"నీకంటే పై తరగతే తమ్ముడూ. నువ్వు ఏడుతో ఆగిపోయావు, నేను తొమ్మిది దాకా వెళ్ళా."

ఆవిడకో అలవాటుండేది. వార్డులో ఏ మంచానికి ఏం పెట్టాలో నర్సమ్మ చెబితే ఆయా దాన్ని తిరిగి అప్పజెప్పాలట. లేకపోతే షుగరు పేషెంటుకి పాయసం వెళ్ళిపోద్ది అనేది. ఆ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చుకుంది. కూరగాయల బండివాడి దగ్గర నుంచి హెడ్మాస్టరుగారి దాకా ఎవరికేది చెప్పినా, చివర్లో "నేనేం చెప్పానో ఓసారి చెప్పండి" అనేది. సైకిలు ట్యూబు మార్చమని నాకు చెప్పి, అలాగే అడిగింది. "నీకు టీ తాగించమన్నావు" అన్నాను. "ఊఁ, నీ నోటితోనే అన్నావుగా, పద, తాగించు" అని హోటలు వైపు నడిచింది. డబ్బులు నేనే ఇచ్చాను.

ఆవిడ చిన్నకూతురు రెండో తరగతిలో ఉండగా ఒక వార్త వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూల్లో కలిపేస్తారట. అందుకోసం బడుల చట్టంలో మార్పులు తెస్తున్నారట. మ్యాపులో చూస్తే హైస్కూలు మాకు దగ్గరే. మధ్యలో బందరు రోడ్డు ఉంది. ఆ రోడ్డు పక్కనే నా షాపు. అక్కడ లారీలు ఎంత జోరుగా వెళతాయో, వాటి టైర్లు విప్పేవాణ్ణి, నాకు వేరే చెప్పక్కర్లేదు. ఏడేళ్ళ పిల్ల సంచీ వేసుకుని రోజుకు రెండుసార్లు అది దాటాలి. తల్లులు ఆ వేళకి నాట్లలోనో, ఎవరింట్లోనో అంట్లు తోముతూనో ఉంటారు.

తల్లిదండ్రులు వచ్చి అభిప్రాయాలు చెప్పవచ్చని, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో సభ పెట్టారు. మా ఆడవాళ్ళు పొలంలో మేస్త్రీని నిలబెట్టి కడిగేస్తారు గానీ, ఆఫీసరంటే కొంగు నోట్లో కుక్కుకుంటారు. అక్క ఆలోచించి చర్చి పద్ధతి పెట్టింది. ప్రార్థనలో లేచి సాక్ష్యం చెబుతారు చూడండి, అలాగన్నమాట. "ఎవరికి జరిగింది వాళ్ళే చెప్పాలి. పక్కింటావిడది వద్దు. ప్రసంగం అసలొద్దు. చెప్పి కూర్చోవాలి."

"మాకు సాక్ష్యాలూ గీక్ష్యాలూ అలవాటు లేదక్కా" అంది రామాలయం వీధి నుంచి వచ్చిన ఒకావిడ.

"రోజూ కుళాయి దగ్గర మీ అత్త గురించి చెప్పట్లా? అదే."

సభకి ముందు మాలో మేం వేసుకున్న రిహార్సల్సులో నాది ఆఫీసరు వేషం. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. గొంతులు అనుకరించడం ఒక్కటే నాకు వచ్చిన చదువు.

"ఏమ్మా, చట్టం గురించి నీకేం తెలుసు? కూర్చో."

"నాకు చట్టం తెలీదండీ. మావాడికి రోడ్డు దాటడం తెలీదు."

"సరే సరే. నెక్స్ట్."

"నెక్స్టేందిరా, నేనింకా అవ్వలా."

అందరూ పడీ పడీ నవ్వారు. అక్క మాత్రం "అక్కడ 'రా' అనకూడదు. మిగతాదంతా బాగుంది" అంది.

సభ రోజున తెలిసింది, మేమెంత పొరపాటు చేశామో. ఆ ఆఫీసరు బంగారంలాంటి మనిషి. మావాళ్ళలో మొదటావిడ వణుకుతూ లేస్తే, మంచినీళ్ళు ఇప్పించి, "చాలా బాగా చెప్పారమ్మా, నోట్ చేసుకున్నాం, కూర్చోండి" అన్నాడు. ఆవిడ మురిసిపోయి కూర్చుంది. రెండో ఆవిడా అంతే. మూడో ఆవిడ సగం చెప్పి, ఆయన తలూపగానే దండం పెట్టేసింది. అరిచేవాడితో పోట్లాడటం నేర్పాను గానీ మర్యాద చేసేవాడితో ఎలాగో నేను నేర్పలేదు. నాకూ తెలీదు. మావాళ్ళు టీలో పంచదారలా కరిగిపోతుంటే వెనక నిలబడి చూస్తున్నాను.

అప్పుడు అక్క లేచింది. "సార్, మావాళ్ళు ఏం చెప్పారో ఓసారి మీరు చెప్పండి."

ఆయన పక్కనున్న గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా చదివాడు: "రవాణా సౌకర్యంపై తల్లులు అభిప్రాయాలు వ్యక్తం చేశారు."

"మేం బస్సు అడగలేదండీ. బడి ఉన్నచోటే ఉంచమన్నాం" అంది అక్క.

వెనక నుంచి ఎవరో భోజనాల వేళయిందని గొణిగారు. "ఆకలి మాకు అలవాటేనండీ. మీరు తినేసి రండి, మేం ఇక్కడే ఉంటాం" అంది అటు తిరిగి, చాలా నెమ్మదిగా.

ఆఫీసరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మళ్ళీ చెప్పండమ్మా, నేనే రాసుకుంటాను" అన్నాడు. మొదటావిడ నుంచి మళ్ళీ చెప్పుకొచ్చారు. ఆయన ఒక్కొక్కటీ రాసి, పైకి చదివి, "ఇంతేనా అమ్మా?" అని అడిగాడు. ఇద్దరు ముగ్గురు "కాదండీ" అని దిద్దించారు కూడా.

కొన్ని నెలలకు రూల్సు వచ్చాయి. మధ్యలో పెద్ద రోడ్డో కాలువో ఉంటే, తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకోకుండా చిన్న తరగతుల్ని కదపకూడదని అందులో ఒక ముక్క ఉంది. అది మేం రాయించిందేనని నేను ఊరంతా చాటాను. "చాలా ఊళ్ళ వాళ్ళు చెప్పుంటారులే. అందరం చెబితేనే వాళ్ళకి వినబడి ఉంటుంది" అనేది అక్క.

కూతురు ఐదో తరగతి దాటగానే కమిటీలోంచి ఆవిడ పేరు పోయింది. అయినా మీటింగు రోజున వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం పక్కన నిలబడేది.

చివరికి తను పనిచేసిన వార్డులోనే మంచం పట్టింది. చూడ్డానికి వెళితే, కొత్త ఆయా దుప్పటి సరిగ్గా మడవటం లేదని వంకలు పెడుతోంది. నన్ను దగ్గరికి పిలిచింది. "కొత్త కమిటీ తల్లులకి నువ్వు మళ్ళీ ఆఫీసరు వేషం వెయ్యాలి తమ్ముడూ. ఈసారి కళ్ళద్దాలొద్దు. మెత్తగా మాట్లాడే ఆఫీసరు."

చివర్లో, "ఏం చెప్పాను?" అంది.

నాకు వెటకారం ఏదీ తట్టలేదు. చెప్పినది చెప్పినట్టు అప్పజెప్పాను. కళ్ళు మూసుకుని విని, సరేనంది.

సమాధి అయిన మర్నాడు షాపు తీశాను. మూడో తరగతి పాప ఒకతి నీళ్ళ సీసా మర్చిపోయిందేమో, నా షాపు పక్క సందులో ఉన్న బడి గేటులోంచి ఇంటికి పరిగెత్తింది. పనికి బయల్దేరబోతున్న వాళ్ళమ్మ తిట్టుకుంటూ గుమ్మంలోంచే సీసా అందించింది. పిల్ల అదే పరుగున వెనక్కి వచ్చింది. ఒక జడ రిబ్బను ఊడి వేలాడుతోంది. ప్రార్థన మొదలయ్యేసరికి వరసలో నిలబడి, రొప్పుతూ, చేతులు జోడించింది.